ఖాళీ దుకాణంలో పొయ్యి వెలిగించాలంటే

మన సభ్యుల ఇళ్ళలో ఆర్డర్ల మీద అరిసెలు, సున్నుండలు, పులిహోర చేసి ఇచ్చేవారు చాలామందే ఉన్నారు. ఇంకోవైపు చుట్టుపక్కల స్ట్రిప్ మాల్స్‌లో "ఫర్ లీజ్" బోర్డులు వేలాడుతున్నాయి. నలుగురం కలిసి ఒక దుకాణం తీసుకుంటే ఎలా ఉంటుందని ఈమధ్య భోజనాల దగ్గర తరచూ వినిపిస్తోంది. మంచి ఆలోచనే. అయితే అసలు ఖర్చు అద్దెలో ఉండదు.

కాలిఫోర్నియాలో 2013 నుంచి అమల్లో ఉన్న కాటేజ్ ఫుడ్ చట్టం ప్రకారం, ఫ్రిజ్ అవసరం లేని కొన్ని పదార్థాలను ఇంట్లోనే చేసి అమ్ముకోవచ్చు. రాష్ట్రం జాబితాలో ఆ పదార్థం ఉండాలి, కౌంటీలో నమోదు చేసుకోవాలి. అన్నం, పప్పు, కూరలు ఇందులోకి రావు. వండిన అన్నాన్ని 41 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు చల్లగానైనా, 135 పైన వేడిగానైనా ఉంచాలి. అందుకే అనుమతి ఉన్న వంటగది కావాలంటారు.

ఖాళీ దుకాణాన్ని అలాంటి వంటగదిగా మార్చడమే పెద్ద పని. మన తాలింపు పొగకు, నూనె ఆవిరికి పైకప్పు దాకా గొట్టం వేసిన హుడ్, దానికి మంటలార్పే ఏర్పాటు ఉండాలి. జిడ్డు మురుగులోకి పోకుండా గ్రీజ్ ట్రాప్, గిన్నెలకు మూడు గదుల సింకు, చేతులకు విడిగా ఇంకో సింకు కావాలి. అందుకే బట్టల దుకాణం మూసిన చోటుకన్నా రెస్టారెంట్ మూసిన చోటు వెతకడం మేలు. అద్దె కాస్త ఎక్కువైనా సరే.

ఈ పనిలో శాన్ ఫ్రాన్సిస్కోలోని లా కొసీనా అనుభవం చూడదగ్గది. 2005 నుంచి వలస వచ్చిన మహిళలకు తక్కువ ఖర్చుతో వంటగది, వ్యాపార శిక్షణ ఇస్తున్న సంస్థ అది. అక్కడ మొదలుపెట్టిన రీమ్ అసిల్ 2017లో ఓక్లండ్‌లో సొంత దుకాణం తెరిచారు. 2021లో ఆ సంస్థ టెండర్‌లాయిన్ ప్రాంతంలో పాత పోస్టాఫీసు భవనాన్ని మహిళలు నడిపే ఫుడ్ హాల్‌గా మార్చింది. వంటకు పేరొచ్చింది గానీ, ఆఫీసుల జనం ఇళ్ళ నుంచే పనిచేస్తున్న రోజులవి. మధ్యాహ్నం తినడానికి వచ్చేవారు చాలక 2023లో హాలు మూతపడింది. పొయ్యిలు మాత్రం ఆరలేదు, ఆ చోటును వండి బయటికి పంపే వంటగదిగా మార్చారు.

నా ఉద్దేశంలో మనకూ సరిపడేది ఆ రెండో పద్ధతే. మన జనం కనిపించేది శని, ఆదివారాలు, పండగలే. కుర్చీలు, కౌంటర్లు లేకుండా, ముందే తీసుకున్న ఆర్డర్లు గంటల లెక్కన వంతులవారీగా వండుకుంటే నలుగురికీ గిట్టుబాటవుతుంది. (గుడి వంటశాల ఉంది కదా అనకండి. సొంత వ్యాపారానికి ఎవరి పర్మిట్ వారికి ఉండాల్సిందే.)

సంతకం పెట్టేముందు రెండు చూసుకోండి. లీజులో పర్సనల్ గ్యారంటీ ఉంటే, వ్యాపారం మూసినా మిగిలిన అద్దె మీ సొంత ఆస్తి మీదకు వస్తుంది. హెచ్-4 వీసా మీద ఉండి ఈఏడీ లేని అక్కచెల్లెళ్ళు ఇలాంటి వ్యాపారంలో దిగితే వారి గ్రీన్ కార్డుకే ఇబ్బంది రావచ్చు. ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడిగాకే దుకాణం చూడటానికి వెళ్ళండి.