పొర ఒలిచే చేతులు – పొర ఒలిచే యంత్రాలు

వలీమా విందులో బిర్యానీ రుచిని మెచ్చుకునేవారు వందలమంది ఉంటారు. ఆ బిర్యానీలో పడిన ఉల్లిని, వెల్లుల్లిని, అల్లాన్ని ముందురోజు రాత్రి కూర్చుని ఒలిచింది ఎవరని అడిగేవారు మాత్రం అరుదు. వండినవారికి పేరు వస్తుంది. వడ్డించినవారికి కృతజ్ఞత దక్కుతుంది. ఒలిచినవారికి మిగిలేవి వెల్లుల్లి ఘాటుకు మండే వేళ్ళు, ఉల్లి ఘాటుకు చెమర్చే కళ్ళు, పట్టేసిన నడుము. కడగడం, ఒలవడం, చెక్కు తీయడం – ఇవి మన ఇళ్ళలో పని లెక్కలోకి రాని పనులు. అవి ఎక్కువగా స్త్రీల చేతుల మీదుగానే జరుగుతాయి.

ఇప్పుడు ఈ పనులన్నింటికీ యంత్రాలు వచ్చాయి. యంత్రం మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. అయితే ఆ ప్రశ్నను సరిగా అర్థం చేసుకోవడానికి మన రాష్ట్రంలోనే తగిన ప్రాంతం ఒకటి ఉంది. అది బాపట్ల జిల్లాలోని చీరాల పరిసరం. ఒకవైపు మగ్గాల ఊరైన ఈపురుపాలెం, మరోవైపు జీడిపప్పుకు పేరుపొందిన వేటపాలెం, నడుమ చీరాల పట్టణం. ఇసుక నేలలు, సముద్రపు గాలి గల ఈ తీరం జీడిమామిడికి అనువైనది. వేటపాలెం జీడిపప్పు పేరు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ఆ పేరు వెనుక ఉన్నది ప్రధానంగా ఒలిచే పనే.

గింజ నుండి పప్పు దాకా

జీడిమామిడి మన నేలలో పుట్టిన చెట్టు కాదు. దాని జన్మస్థానం బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దానిని భారతదేశపు పశ్చిమ తీరానికి తెచ్చారు. మనం జీడిమామిడి పండు అని పిలిచే ఎర్రని, పసుపుపచ్చని భాగం నిజానికి ఉబ్బిన కాడ మాత్రమే. దాని కొనకు వేలాడే గింజే అసలు ఫలం. ఆ గింజను సృష్టికర్త ఎంతో పదిలంగా భద్రపరిచాడు. బయట గట్టి పెంకు, ఆ పెంకు అరలలో చర్మాన్ని కాల్చే జీడి నూనె, లోపల పప్పును అంటిపెట్టుకుని ఎర్రని పలుచని పొర. ఇన్ని తెరలు దాటితే గాని తెల్లని పప్పు చేతికి రాదు.

మొదట గింజలను ఎండబెడతారు. ఆ తరువాత కాల్చడమో, ఆవిరిలో ఉడికించడమో చేస్తారు. దానితో పెంకు పెళుసుబారుతుంది. పిమ్మట ఒక్కొక్క గింజను పగలగొట్టి పప్పును బయటికి తీస్తారు. ఈ దశలోనే జీడి నూనె చేతులకు అంటుకుంటుంది. అది తగిలిన చోట చర్మం నల్లబడుతుంది, పొక్కుతుంది, ఊడివస్తుంది. అందుకే పనివారు చేతులకు బూడిదో, నూనెనో పట్టించుకుంటారు. అది కొంతవరకే కాపాడుతుంది. అదే జీడి నూనె రంగుల తయారీలోను, వాహనాల బ్రేకుల తయారీలోను ఉపయోగపడే విలువైన సరుకు కావడం గమనార్హం.

పెంకు తీసిన పప్పును వేడి గదిలో కొన్ని గంటల పాటు ఆరబెడతారు. తేమ తగ్గేకొద్దీ ఎర్రని పొర ముడుచుకుని పప్పు నుండి విడిపోవడానికి సిద్ధమవుతుంది. అప్పుడు వేళ్ళతో నలిపి, అంటుకుని ఉన్న చోట చిన్న కత్తి మొనతో గీకి పొరను తీస్తారు. పప్పు విరగకూడదు, గీత పడకూడదు. ఒక కిలో పప్పు రావాలంటే నాలుగు కిలోలకు పైగా గింజలు కావాలి.

పప్పు విరగకూడదన్న పట్టుదల వెనుక ధర ఉంది. అంతర్జాతీయ విపణిలో గుండు పప్పును పరిమాణాన్ని బట్టి వర్గీకరిస్తారు. డబ్ల్యూ 180 అంటే ఒక పౌనుకు, అనగా సుమారు 454 గ్రాములకు, 180 పప్పుల లోపే తూగే పెద్ద రకం. డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుండి 320 దాకా తూగేది. అదే పప్పు రెండుగా విడిపోతే బద్ద, ముక్కలైతే ముక్క. రుచిలో భేదం లేదు, ధరలో మాత్రం ఎంతో భేదం ఉంది.

యంత్రానికి ఎదురయ్యే చిక్కు

పొర తీసే యంత్రం చూడడానికి సులభంగానే ఉంటుంది. బాగా ఆరిన పప్పును ఒక గదిలో పోసి, ఒత్తిడితో కూడిన గాలిని దాని మీదికి వదులుతారు. పప్పులు సుడి తిరుగుతూ ఒకదానికొకటి, గోడకు రాసుకుంటాయి. పెళుసుబారిన పొర రేగి గాలితో పాటు వెళ్ళిపోతుంది. వెల్లుల్లి పొట్టు తీసే యంత్రం కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. పాయను ముందుగా రెబ్బలుగా విడదీసి, ఆరిన రెబ్బల మీదికి గాలిని వదిలితే పొట్టు ఎగిరిపోతుంది.

కాని ఏ రెండు జీడిపప్పులూ ఒకేలా ఉండవు. వంపు వేరు, లావు వేరు, తేమ వేరు. గాలి తక్కువైతే పొర మిగులుతుంది, ఎక్కువైతే పప్పు విరుగుతుంది. అందుకే యంత్రం నుండి వచ్చిన పప్పును మళ్ళీ మనిషి చూడవలసిందే. మిగిలిన పొరను గీకవలసిందే. యంత్రం చేతి పనిని తగ్గించింది గాని, చేతిని పూర్తిగా తొలగించలేకపోయింది.

ఇక్కడ సమీపంలోని బాపట్లను ప్రస్తావించాలి. అక్కడి జీడిమామిడి పరిశోధన స్థానం నుండి బీపీపీ పేరుతో పలు రకాలు వెలువడ్డాయి. వాటిలో బీపీపీ-8 అనే సంకర రకం ప్రసిద్ధమైనది. దాని గింజ సుమారు 8 గ్రాములు తూగుతుంది, గింజ బరువులో 29 శాతం దాకా పప్పు ఉంటుంది. తోటలో ఒకే రకం చెట్లుంటే గింజలు కొంతవరకు ఒకే పరిమాణంలో వస్తాయి. అప్పుడు యంత్రం పని కూడా మెరుగుపడుతుంది. యంత్రం విజయం కర్మాగారంలో కాదు, తోటలో నాటిన మొక్క దగ్గరే మొదలవుతుందన్నమాట.

ప్రపంచమంతటా ఇదే కథ. చేతితో తిప్పి ఆపిల్ చెక్కు తీసే పరికరానికి అమెరికాలో 1803లోనే పేటెంట్ లభించింది. హోటళ్ళ వంటశాలల్లో బంగాళాదుంపలకు వాడే యంత్రం ఒక గుండ్రని తొట్టె. గరుకు పూత పూసిన పళ్ళెం అందులో గిర్రున తిరుగుతుంది, నీరు చెక్కును కడిగేస్తుంది. దుంప గుండ్రంగా ఉంటే పని చక్కగా జరుగుతుంది. గుంటలున్న దుంప చెక్కు పూర్తిగా పోవాలంటే చెక్కుతో పాటు కండ కూడా అరిగిపోతుంది. పెద్ద కర్మాగారాలలో అధిక ఒత్తిడి గల ఆవిరిని కొన్ని క్షణాలు పట్టించి ఒక్కసారిగా ఒత్తిడిని వదులుతారు. చెక్కు కింది తేమ ఆవిరై చెక్కును చీల్చుకుని వస్తుంది. మరికొన్ని చోట్ల కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచి తొక్క వదిలేలా చేస్తారు. ఆ పద్ధతిలో కాయను బాగా కడగాలి, మిగిలిన క్షారపు నీటిని శుద్ధి చేయాలి. లేకుంటే వంటశాల శ్రమ తగ్గి కాలువకు కీడు కలుగుతుంది.

మగ్గం నేర్పిన పాఠం

యంత్రం వస్తే ఏం జరుగుతుందో ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పనక్కరలేదు. చీరాల తేలియా రుమాళ్ళు ఒకప్పుడు అరబ్ దేశాల దాకా వెళ్ళాయి. అక్కడివారు వాటిని తలపాగాగా ధరించేవారు. నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన ద్రావణంలో నూలును పదే పదే నానబెట్టి, ఎండబెట్టి రంగు అద్దడం ఆ నేత రహస్యం. మిల్లు వస్త్రం, ఆ తరువాత మరమగ్గం వచ్చాక చేనేత ఎంత కుంగిందో ఈపురుపాలెం వంటి ఊళ్ళు కళ్ళారా చూశాయి. కొన్ని వస్త్రాలను చేనేతకే ప్రత్యేకిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. అయినా మరమగ్గాల పోటీ ఆగలేదు.

స్త్రీల విషయంలో మరొక ఉదాహరణ కూడా ఉంది. కృష్ణా డెల్టాలో బియ్యపు మిల్లులు రాకముందు వడ్లు దంచి, చెరిగి కూలి సంపాదించుకున్నది ఎక్కువగా పేద స్త్రీలే. మిల్లు వారి భుజాల నొప్పిని తీసివేసింది, దానితో పాటు కూలిని కూడా తీసివేసింది. మర నడిపే ఉద్యోగం మాత్రం పురుషునికి వెళ్ళింది.

కనుక అసలు ప్రశ్న యంత్రం కావాలా వద్దా అన్నది కాదు. యంత్రం నొప్పిని మాత్రమే తీసుకుంటుందా, కూలిని కూడా తీసుకుంటుందా అన్నదే ప్రశ్న. పెంకు పగలగొట్టే పనిలో చేతులు కాలుతున్నప్పుడు ఆ పనిని యంత్రానికి అప్పగించవద్దనడం న్యాయం కాదు. ఇతరుల చర్మం కాలుతుంటే మన సంప్రదాయం పేరుతో దానిని కొనసాగించమనే హక్కు ఎవరికీ లేదు. పొర తీసే పని అలాంటిది కాదు. అది ఓర్పుతో కూడినదే గాని ప్రమాదకరమైనది కాదు. అక్కడ యంత్రం వచ్చినప్పుడు, అంతవరకు ఆ పని చేసిన స్త్రీలకు వర్గీకరణలోనో, నాణ్యత పరిశీలనలోనో, యంత్ర నిర్వహణలోనో స్థానం కల్పించడం యజమాని బాధ్యత. శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న దైవప్రవక్త (స) బోధను విశ్వసించేవారికి, చెమట పట్టే పనినే లేకుండా చేసి ఆ కుటుంబాన్ని మరచిపోవడం తగదు.

యంత్రం ఎవరిది?

దీనికి ఒక మార్గం, ఒలిచేవారే యంత్రానికి యజమానులు కావడం. చిన్న ఆహార శుద్ధి సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం 2020లో ఒక పథకాన్ని ప్రారంభించింది. దాని కింద వ్యక్తిగత యూనిట్లకు పెట్టుబడిలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా రాయితీ ఉంది. ఆహార తయారీలో ఉన్న స్వయం సహాయక సంఘాల సభ్యులకు ఒక్కొక్కరికి 40,000 రూపాయల దాకా ప్రారంభ మూలధనం కూడా ఏర్పాటు చేశారు. అయితే ఆ 35 శాతం రాయితీ బ్యాంకు రుణంతో ముడిపడినది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు ఇక్కడ ఆగిపోతాయి. ఆగిపోనవసరం లేదు. నలుగురైదుగురు కలిసి పెట్టుబడి పెట్టి, లాభాన్ని ముందే ఒప్పుకున్న నిష్పత్తిలో, నష్టాన్ని పెట్టుబడి నిష్పత్తిలో పంచుకునే ముషారకా పద్ధతి మన ఫిఖహ్‌లో ఉన్నదే. ఒకరు పెట్టుబడి, మరొకరు శ్రమ పెట్టే ముదారబా కూడా ఉన్నదే. వెల్లుల్లి ఒలిచే యంత్రం వంటి చిన్న పరికరానికి ఇవి చక్కగా సరిపోతాయి. ఒప్పందాన్ని కాగితం మీద రాసుకోవడం, సాక్షులను ఉంచడం మరువకూడదు.

చాలా మొహల్లాలలో విందుల కోసం దేగ్‌లు, పళ్ళాలు, జంపఖానాలు ఉమ్మడిగా ఉంచుకునే అలవాటు ఉంది. వాటి సరసన ఒక దుంపల చెక్కు యంత్రం, ఒక వెల్లుల్లి యంత్రం చేరితే, రమజాన్ నెలలో ఇఫ్తార్ వంటల వేళ, పెళ్ళిళ్ళ కాలంలో ఎందరో స్త్రీలకు విశ్రాంతి లభిస్తుంది. ఆ గంటలు ఆరాధనకు, పిల్లలకు, నిద్రకు మిగులుతాయి.

మన వంటింటిలో

రోజువారీ వంటకు యంత్రం అక్కరలేదు, కొద్దిపాటి తెలివి చాలు. కూరగాయను ముందు కడిగి తరువాతే చెక్కు తీయాలి. కడగకుండా తీస్తే తొక్క మీది మురికిని కత్తి లోపలికి చేరుస్తుంది. పారే నీటిలో చేతితో రుద్ది కడగడం మేలు. సబ్బు వాడకూడదు. పురుగుమందును పూర్తిగా తొలగిస్తాయని ప్రచారం చేసే శుద్ధి పరికరాల విషయంలో జాగ్రత్త వహించాలి. మొక్క తనలోకి పీల్చుకున్న మందును పైన కడిగి తీయలేము. వెల్లుల్లి రెబ్బలను కొద్దిసేపు గోరువెచ్చని నీటిలో వేస్తే పొట్టు సులభంగా వస్తుంది. ఉల్లిని కాసేపు చల్లబరచి తరిగితే కన్నీరు తగ్గుతుంది.

యంత్రం కొంటే మాత్రం దుపట్టా కొన, చీర చెంగు, గాజులు తిరిగే భాగాలకు దూరంగా ఉండాలి. తడి నేల మీద పనిచేసే యంత్రానికి ఎర్త్ వైరు తప్పనిసరి. పిల్లలను దాని దగ్గరికి రానీయకూడదు. పని ముగిశాక తొట్టెను విప్పి కడగాలి. లోపల మిగిలిన పిప్పి ఒక్క రాత్రిలో పులుస్తుంది. తీసిన తొక్కను పారవేయడం కూడా దుబారాయే. దుంపల తొక్కలతో, ఉల్లి పొట్టుతో ఎరువు చేయవచ్చు. వేటపాలెం వంటి చోట్ల పెంకు సైతం వృథా కాదు. నూనె తీసిన పెంకు పొయ్యిలోకి వంటచెరకు అవుతుంది.

పండుగ దగ్గర పడినప్పుడు జీడిపప్పు కొనేవారికి ఒక చిన్న మాట. షీర్ ఖుర్మాలో పప్పును ఎలాగూ సన్నగా తరిగే వేస్తాము. అలాంటప్పుడు గుండు పప్పుకే ఎందుకు పట్టుబట్టాలి? బద్దలు, ముక్కలు కొంటే ఖర్చు తగ్గుతుంది, రుచి తగ్గదు. విరిగిన పప్పుకు కూడా గిరాకీ పెరిగితే, పొర ఒలిచేటప్పుడు ఒక్క పప్పు విరిగినందుకు కూలి కోత భయంతో వణికే వేళ్ళకు కొంత ఊరట కలుగుతుంది.