ఇంట్లో చుంచు, కొండమీద పిగిలి

రాత్రి దీపం ఆర్పగానే గోడవారగా కిచకిచమంటూ పరుగెత్తే చుంచెలుకను మీరు చూసే ఉంటారు. పొడుగు ముక్కు, ఆవగింజలంత కళ్లు, ముక్కు మూసుకోవలసిన కంపు. పేరులో ఎలుక ఉన్నా ఇది ఎలుక కాదు. నమ్మకం లేదా? పళ్లు చూడాలి. ఎలుకకు పైన రెండు, కింద రెండు ఉలిపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అందుకే అది బియ్యం బస్తాలు కొరుకుతుంది. చుంచుకున్నవి సూదిమొన పళ్లు, బొద్దింకలనూ పురుగులనూ పట్టి తినటానికి. కనుక ఎలుకది రోడెన్షియా క్రమం, చుంచుది సోరిసిడే కుటుంబం. దాని క్రమాన్ని మేము చదివిన రోజుల్లో ఇన్సెక్టివోరా అనేవారు, ఇప్పుడు యూలిపోటిఫ్లా అంటున్నారు. 1766లో లిన్నేయస్ దీనికి ‘మురినస్’, అంటే ఎలుకవంటిది, అని పేరు పెట్టాడే గాని ఎలుకల్లో చేర్చలేదు.

ఇక పిగిలి. సూళ్లూరుపేటలో పక్షులనగానే పులికాట్ ఫ్లెమింగోలు, నేలపట్టు గూడబాతులు గుర్తొస్తాయి. అవి పాటపక్షులు కావు. తోటల్లో తిరిగే పిగిలిపిట్ట పాటపక్షి. దాని దాయాదే పసుపుగొంతు పిగిలి. తిరుమల కొండల్లో, హార్సిలీ హిల్స్‌లో, రాళ్లగుట్టల పొదల్లో ఉంటుంది. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. 1845లో దీన్ని శాస్త్రలోకానికి తెలిపిన జెర్డన్, నెల్లూరులో సర్జనుగా పనిచేసిన డాక్టరు. ఇది పాసరిఫార్మిస్ క్రమంలోది. ముందుకు మూడు వేళ్లు, వెనక్కి ఒకటి. పక్షిజాతుల్లో సగానికి పైగా ఈ క్రమంలోవే. కాకి కూడా పాటపక్షుల శాఖలోదే సుమా! పాట తీపితో నిమిత్తం లేదు, శ్వాసనాళం అడుగున ఉండే సిరింక్స్ నిర్మాణమే ముఖ్యం.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వారి ఎర్రజాబితాలో చుంచు ‘ఆందోళన అక్కరలేనిది’. పిగిలి మాత్రం ‘వల్నరబుల్’, అంటే ముప్పున్న మూడు తరగతుల్లో మొదటిది. కారణం తెలుసుకోవటం కష్టం కాదు. చుంచు మనిషి వెంట ఎక్కడికైనా పోతుంది. ఓడలెక్కి మారిషస్ చేరి, అక్కడి చిన్న బల్లులకు శత్రువైంది కూడా. పిగిలి గుట్ట దిగి ఊళ్లో బతకలేదు. గ్రానైటు కోసం గుట్టను పగలగొట్టినా, వంటచెరకు కోసం పొదలు నరికినా దానికి చోటుండదు.

చుంచు ఎలుక కాదన్నాం గదా. ఈ తూర్పు కనుమల్లోనే ‘చెట్టుచుంచు’ అనే జంతువుంది. 1850లో వాటర్‌హౌస్ వర్ణించిన నమూనా కడప, నెల్లూరుల మధ్య కొండల్లోదే. చూడటానికి ఉడత, పేరుకు చుంచు. కాని అది ఉడతా కాదు, చుంచూ కాదు. దానిది స్కాండెన్షియా అనే వేరే క్రమం.