మంచు లేని నది కింద ఎడమ కాలువ

జూలై వచ్చిందంటే నల్లగొండ జిల్లా హాలియాలో రైతులు ఒకరినొకరు అడిగే మాట ఒకటే: ఆల్మట్టి నిండిందా? కృష్ణా నది మీద కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్, ఆ తర్వాత జూరాల, శ్రీశైలం. ఇవన్నీ దాటి నీళ్లొస్తే నాగార్జున సాగర్ మట్టం లేస్తుంది, దాని ఎడమ కాలువకు నీళ్లు వదులుతారు. అప్పటిదాకా నారు పోయాలో వద్దో, కౌలు మాట్లాడుకోవాలో వద్దో తేలదు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన నాటి నుంచీ ఈ ప్రాంతం కాలువను నమ్ముకునే బతుకుతోంది. నీటి తేదీ మాత్రం ఇప్పటికీ చేతికి చిక్కలేదు.

సింధు, గంగ, బ్రహ్మపుత్రలకు ఎగువన మంచు ఉంది. చలికాలంలో కురిసింది ఎండల్లో కరిగి, వానలకు ముందే నదిలోకి దిగుతుంది. ఆ కొండలే వాటి గాదె. కృష్ణకు ఆ భాగ్యం లేదు. మహాబలేశ్వరం దగ్గర 1,337 మీటర్ల ఎత్తున పుట్టే ఈ నదికి పడమటి కనుమల వానే ప్రాణం. నాలుగు నెలల్లో పడిందే ఏడాదంతా వాడుకోవాలి.

ఉత్తరాదిన ఆ గాదె కూడా ఖాళీ అవుతోంది. హిందూకుష్ హిమాలయాల్లో హిమానీనదాలు అంతకు ముందు దశాబ్దం కన్నా 2011–2020 మధ్య 65 శాతం వేగంగా తరిగిపోయాయని ఖాట్మండులోని ఇసిమోడ్ సంస్థ 2023లో చెప్పింది. కరుగు నీరు ఈ శతాబ్దం మధ్య దాకా పెరిగి, ఆ తర్వాత తగ్గుతుందట. మబ్బు తప్ప మరో ఆధారం లేని సేద్యం ఎలా ఉంటుందో సింధు రైతు ఇక ముందు చూడబోతున్నాడు. హాలియా రైతు ఎప్పుడో చూశాడు.

భూమి వేడెక్కేకొద్దీ ఆ మబ్బుకూ నిలకడ పోయింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. దాంతో వాన రోజుల తరబడి ముఖం చాటేసి, వచ్చినప్పుడు ఒక్కసారే కుమ్మరిస్తోంది. 2009లో దేశం కరువుతో అల్లాడింది. అదే ఏడాది అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడింది. 2023 ఆగస్టు 1901 తర్వాత దేశం చూసిన అత్యంత పొడి ఆగస్టు. సాగర్‌కు వరద రాలేదు, ఆయకట్టులో ఎన్నో పొలాలు బీడుపడ్డాయి. మరుసటి ఏడాది ఆగస్టులో సాగర్ గేట్లెత్తారు. సెప్టెంబరు మొదట్లో కుండపోత వానలకు నడిగూడెం మండలంలో ఇదే ఎడమ కాలువకు గండి పడి పొలాలు మునిగాయి. ఒక ఏడాది ఎండిన కాలువ, మరో ఏడాది తెగిన కాలువ!

నీళ్లు ఆలస్యమైతే మడిలో నారు ముదురుతుంది. ముదురు నారు నాటితే పిలకలు తగ్గుతాయి. నాట్లు వెనకబడితే కోతలూ వెనకబడి, కల్లంలో వడ్లు తుపాను వానలకు తడుస్తాయి. తడిసిన వడ్లకు మిర్యాలగూడ మిల్లుల్లో ధర పలకదు. నమ్మకం లేక బోర్లు వేస్తారు. నీటిలో ఫ్లోరైడ్‌కు పేరుమోసిన ఈ నల్లగొండ జిల్లాలో లోతుకు వెళ్లడం కూడా ప్రమాదమే. నీళ్లొచ్చినా ముందు పై పొలాలకే అందుతాయి. మేజర్ కాలువల చివర భూములున్న వాళ్లు రాత్రిళ్లు కాలువ గట్టు మీద కాపలా కాయాలి.

పైగా సాగర్ కడుపు పూడుతోంది. 408 టీఎంసీలు పట్టేలా కట్టిన జలాశయంలో ఇప్పుడు పట్టేది 312. మంచు లేని నదికి డ్యామే గాదె అయినప్పుడు, అందులో నాలుగో వంతు దాకా పోవడం చిన్న నష్టం కాదు.

వానను ఎవరూ ఆపలేరు, రప్పించలేరు. తేదీ చెప్పడం మాత్రం మనుషుల చేతిలో పనే. ఎగువ డ్యాముల మట్టాలు రోజూ తెలుస్తూనే ఉంటాయి. ఆ లెక్క చూసి, ఎన్ని తడులు ఇస్తారో, ఏ మేజర్‌కు ఏ వారమో జూలై దాటకముందే ఊరూరా చెప్పాలి. ఇవ్వలేమనుకుంటే అదీ అప్పుడే చెప్పాలి. అలా చెబితే హాలియా రైతు కంది వేసుకుంటాడు, పత్తి వేసుకుంటాడు. ఆగస్టు చివర చెబితే అవి కూడా వేసుకోలేడు.