సేద్యానికీ గురువు కావాలి

పద్యం నేర్వడానికి గురువు కావాలంటాం. పైరు పెట్టడానికి మాత్రం పొలముంటే చాలనుకుంటాం. నా దగ్గర చదివిన కుర్రవాళ్లు కొందరు ఉద్యోగం మాని సేద్యానికి దిగుతామంటున్నారు. సంతోషమే. కాని దాచుకున్నదంతా తొలి పంటకే పెడితే, వాన ముఖం చాటేసిన ఏడు ఇల్లు గడిచేదెట్లా?

నేర్పేవారికి కొదవ లేదు. 1974లో పుదుచ్చేరిలో మొదలైన కృషి విజ్ఞాన కేంద్రాలు నేడు దేశమంతటా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి సాగిస్తున్న ప్రకృతి సేద్యంలోనైతే అనుభవమున్న రైతులే గురువులు.

10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల ఆవుమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు పొలంమట్టి 200 లీటర్ల నీళ్లలో కలిపి 48 గంటలు నీడన ఉంచితే ఎకరానికి సరిపడే జీవామృతం. పుస్తకంలో ఇది రెండు పంక్తులే. నేల పదునెరిగి పోయడం మాత్రం చేనిగట్టున నేర్వవలసిందే.

అందుకే వారికి నేను చెప్పేదొకటే: ముందు అరెకరంలో ఒక ఏడు అభ్యాసం; ఆ తరువాతే రాజీనామా!