ముసలమ్మ కోడి కేన్స్‌లో కూసింది

గుంటూరు: లఘుచిత్రం తీయదలచిన కళాశాల విద్యార్థులు ముందుగా వెతికేది మంచి కెమెరా కోసం, కథ సంగతి తరువాతే. 2024 మేలో ఫ్రాన్స్‌లోని కేన్స్ చిత్రోత్సవంలో విద్యార్థుల విభాగమైన లా సినెఫ్‌లో ప్రథమ బహుమతి పొందిన కన్నడ చిత్రం ఈ వరుసను తిరగవేసింది. మైసూరులో వైద్యవిద్య అభ్యసించిన చిదానంద నాయక్, పుణె చలనచిత్ర శిక్షణ సంస్థలో ఏడాది టెలివిజన్ కోర్సు ముగింపులో దీనిని రూపొందించారు. నిడివి 16 నిమిషాలు, చిత్రీకరణకు నాలుగు రోజులు. దర్శకత్వం, ఛాయాగ్రహణం, కూర్పు, శబ్దం బాధ్యతలను నలుగురు విద్యార్థులు పంచుకున్నారు.

కథ చిన్నది. ఓ వృద్ధురాలు ఊరి కోడిపుంజును దొంగిలిస్తే ఊరు తల్లడిల్లిపోతుంది. తన కోడి, కుంపటి లేనిదే తెల్లవారదనుకున్న ముసలమ్మ మన ఇళ్లలో ఎవరికి తెలియదు? కథ చీకటిది కనుక చిత్రీకరణ రాత్రిళ్లే సాగింది. చేతిలో ఉన్న వ్యవధికి, మనుషులకు సరిపడే కథను ఎంచుకోవడమే ఇక్కడి కీలకం.

ఇక్కడి యువకులు తరచూ మిర్చి యార్డులో కెమెరా పెడతారు. దృశ్యం ఎర్రగా, నిండుగా వస్తుంది. టిక్కీలు మోసే హమాలీల కేకలు, లారీల హోరు నడుమ పాత్రల మాటలే వినబడవు. బొమ్మ కాస్త మసకబారినా ప్రేక్షకుడు ఓర్చుకుంటాడు గానీ, మాట అందకపోతే లేచిపోతాడు. అదే కల్లంలో ఆరబోసిన కాయలకు రాత్రి కాపలా పడుకున్న రైతు కథ అయితే ఒక్క టార్చిలైటు, రెండు పాత్రలు చాలు. చుట్టూ నిశ్శబ్దమే గనుక మాట కూడా స్పష్టంగా పడుతుంది.