రిఫరీ లేని ఆట

పిల్లలూ! సాయంత్రం బడి వదలగానే మీరేం చేస్తారు? పుస్తకాల సంచులు ఒక మూల పడేసి, ఇటు రెండు రాళ్ళు, అటు రెండు రాళ్ళు పెట్టి ఫుట్‌బాల్ మొదలుపెడతారు, అవునా? రిఫరీ ఉండడు, విజిల్ ఉండదు, గీతలూ ఉండవు. అయినా ఆట సాగుతుంది. ఎలా సాగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

ఒకనాడు మా బడి మైదానంలో పెద్ద తగాదా వచ్చింది. బంతి రాళ్ళ మధ్యగానే పోయింది. కాని గోల్‌కీపర్ తలకు రెండు మూరల ఎత్తున పోయింది. "గోల్!" అని ఒక జట్టు, "చెల్లదు!" అని రెండో జట్టు. బంతి తెచ్చిన కుర్రవాడు దాన్ని చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టాడు. మిగిలినవాళ్ళు తీర్పు కోసం నా దగ్గరకు వచ్చారు. "గోల్ ఎత్తు ఎంతని ఆటకు ముందు అనుకున్నారు?" అని అడిగాను. ఎవరూ నోరు మెదపలేదు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1863లో లండన్‌లో ఏర్పడిన ఫుట్‌బాల్ అసోసియేషన్ తన మొదటి నియమాలలో గోల్ స్తంభాల మధ్య దూరం 8 గజాలని వ్రాసుకుంది. ఎత్తుకు మాత్రం హద్దు పెట్టలేదు. బంతి ఎంత ఎత్తున పోయినా గోలే! 1866లో 8 అడుగుల ఎత్తున టేపు కట్టాలన్నారు. తరువాత టేపు పోయి అడ్డకర్ర వచ్చింది. ఆ మొదటి నియమాలలో రిఫరీ మాటే లేదు. రిఫరీ మైదానంలోకి వచ్చింది 1891లో.

గురుత్వాకర్షణ సూత్రాన్ని మనం కనిపెట్టాం, చేయలేదు. ఆట నియమాలను మనమే చేసుకుంటాం. మనం చేసినవి గనుక మార్చుకోవచ్చు. కాని మార్చినదాన్ని పరీక్షించి చూడాలి.

మా పిల్లలు అదే చేశారు. "గోల్‌కీపర్ చేతులెత్తితే అందేంత ఎత్తు వరకే గోల్" అని నియమం పెట్టుకున్నారు. మర్నాడు ఏమైందో తెలుసా? రెండు జట్లూ అందరికన్నా పొట్టివాణ్ణి గోల్‌కీపర్‌గా నిలబెట్టాయి! మళ్ళీ కూర్చుని, "ఇద్దరికీ ఒకే కొలకర్ర" అని దిద్దుకున్నారు. బంతి తెచ్చిన కుర్రవాడు కూడా తిరిగి వచ్చాడు.

జట్లు పంచుకోవడంలోనూ లెక్క ఉంది. నలుగురు ఆటగాళ్ళ బలం 4, 3, 2, 1 అనుకోండి. కెప్టెన్లు ఒకరి తరువాత ఒకరు కోరుకుంటే మొదటివానికి 4, 2 దక్కుతాయి, మొత్తం 6. రెండోవానికి 3, 1, మొత్తం 4. అలా కాక, మొదటివాడు ఒకరిని, రెండోవాడు వరుసగా ఇద్దరిని కోరుకుని, మిగిలినవాడు మొదటివానికి వెళితే? 4, 1 ఒక వైపు. 3, 2 మరో వైపు. రెండూ 5 చొప్పున సమానం! ఎప్పుడూ చివరకు మిగిలిపోయే పిల్లవాడు ఇప్పుడు లెక్క సరిచేసేవాడన్నమాట.

రేపు ఆటకు ముందు మీ నియమాలు ఒక కాగితం మీద వ్రాయండి. ఒక్కొక్కటి చదివి, ఓడిపోయే జట్టులో మీరే ఉన్నట్టు ఊహించుకోండి. అప్పటికీ సరే అనిపిస్తే అది మంచి నియమం. లేకపోతే, బంతి ఇంటికి పోకముందే దిద్దుకోండి!