చూపుకూ ప్రేమకూ మధ్య

“సినిమా చూడవచ్చా, చూడకూడదా?” యౌవనస్థుల కూడికల్లో తరచుగా వినబడే ప్రశ్న ఇది. ఈ వారం మేము మరో ప్రశ్నను మీ ముందు పెట్టదలచాము. తెర మీది మనిషిని మనం ఎలాంటి కళ్లతో చూస్తున్నాం?

పోలెండు దర్శకుడు క్షిష్టోఫ్ కీష్లోవ్‌స్కీ 1980ల చివర, పది ఆజ్ఞలను ఆధారం చేసుకొని అక్కడి టెలివిజన్ కోసం ‘డెకలాగ్’ అనే పది చిత్రాలు తీశాడు. వాటిలో ఆరవది వ్యభిచారమును గూర్చిన ఆజ్ఞ. కతోలికుల లెక్కలో అది ఆరవది, మనలో చాలామందికి ఏడవది.

కథలో తోమెక్ 19 ఏళ్ల పోస్టాఫీసు ఉద్యోగి. ఎదుటి భవనంలో ఉండే మాగ్దాను రాత్రుళ్లు టెలిస్కోపుతో చూస్తుంటాడు. ఆమెను దగ్గరగా చూడాలని దొంగ మనియార్డరు నోటీసులు పంపి పోస్టాఫీసుకు రప్పిస్తాడు. చివరకు నిజం ఒప్పుకొని, ప్రేమిస్తున్నానంటాడు. నీకేం కావాలని ఆమె అడిగితే ఏమీ వద్దంటాడు. ప్రేమంటూ ఏదీ లేదని, ఉన్నది శరీరవాంఛేనని నమ్మిన మాగ్దా అతణ్ణి ఇంటికి పిలిచి, ఆ మాట రుజువు చేసి అవమానిస్తుంది. అతడు ప్రాణం తీసుకోబోయి బ్రతుకుతాడు. ఆ తర్వాత అతని కిటికీ వైపు చూస్తూ ఎదురుచూసేది ఆమే.

ఇందులో తప్పు ఎక్కడ మొదలైంది? వాంఛ పుట్టుకలోనే లేమి ఉందని ప్లేటో ‘సింపోజియం’ చెబుతుంది. ఒంటరి తోమెక్‌లో మనకు కనబడేది ఆ లేమే. కేవలం కామం ఎదుటి మనిషిని వస్తువుగా మార్చేస్తుందని కాంట్ హెచ్చరించాడు. తరువాత పోపు రెండవ జాన్ పాల్ అయిన పోలెండు తత్వవేత్త కరోల్ వోయ్‌తీవా, 1960 నాటి తన పుస్తకంలో ప్రేమకు ఎదురుగా ‘వాడుకోవడాన్ని’ నిలబెట్టాడు. హాలీవుడ్ సినిమాల్లో కెమెరా, కథానాయకుడు, ప్రేక్షకుడు ముగ్గురి చూపూ ఒకటై స్త్రీని చూడదగిన బొమ్మగా నిలబెడుతుందని 1975లో లారా మల్వీ రాసింది.

మత్తయి 5:28లో ప్రభువు వేలు చూపినది కూడా చూసేవాని హృదయం వైపే. ఆయన స్త్రీని నిందించలేదు. చెల్లెళ్ల వస్త్రధారణ మీద ఎన్నో ప్రసంగాలు చేసే మన సంఘాలు, తమ్ముళ్ల చూపు గురించి ఎన్నిసార్లు మాట్లాడాయి?

అయితే వాంఛే పాపమని లేఖనం చెప్పదు. అలా అయితే పరమగీతము బైబిలులో ఉండేది కాదు. ఆదికాండము 2:25లో ఆదాము హవ్వలు ఒకరి యెదుట ఒకరు సిగ్గులేక నిలిచారు. అక్కడ ఇద్దరూ చూస్తున్నారు, ఇద్దరూ కనబడుతున్నారు. టెలిస్కోపు వెనుక ఉన్నవాడు చూస్తాడు గాని కనబడడు. అందుకే అతని ప్రేమ నిజమైనా, అది ముందు దొంగతనమైంది.

నేడు ఆ టెలిస్కోపు మన పిల్లల దిండు కింద ఫోను రూపంలో ఉంది. సిగ్గుతో దాచుకునే బిడ్డను గద్దిస్తే ఇంకా చీకట్లోకి వెళతాడు. పక్కన కూర్చొని ఒక్క మాట అడుగుదాం: “నువ్వు చూస్తున్న ఆ మనిషి, తిరిగి నీ కళ్లలోకి చూస్తే ఎలా ఉంటుంది?” అదే ప్రశ్న ముందుగా పెద్దలమైన మనం వేసుకుందాం.